ఒమాహా పోకర్ నియమాలు: అపోహలు - వాస్తవాలు

నల్గొండలో ఇంటర్ విద్యార్థులకు గణితం చెప్పడం నా వృత్తి. ఆదివారం సాయంత్రాలు తెలిసినవారికి పేకాటల నియమాలు నేర్పడం చాలా ఏళ్లుగా నాకున్న వ్యాపకం. ఒమాహా నేర్చుకోవాలని వచ్చేవారిలో పత్తాలు అసలు పట్టనివారు అరుదు. పదమూడు ముక్కల రమ్మీనో, మూడు ముక్కలాటనో పెళ్లిళ్లలో, పండుగలలో చూస్తూ పెరిగినవారే ఎక్కువ కాబట్టి, ఏమీ తెలియకపోవడం కంటే ముందే తెలిసిన ఆట వారిని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఈ ఆటలో ఒక్కొక్కరికి నాలుగు ముక్కలు మూసి పంచుతారు. అందరికీ ఉమ్మడిగా బల్లమీద ఐదు ముక్కలు తెరుస్తారు: మొదట మూడు కలిపి ఫ్లాప్, తరువాత ఒకటి టర్న్, చివరిది రివర్.

అపోహ: చేతిలోవి నాలుగు, బల్లమీదివి ఐదు, మొత్తం తొమ్మిదింటిలో ఏ ఐదు బాగుంటే అవి తీసుకోవచ్చు.

వాస్తవం: తీసుకోకూడదు. చేతిలో నుంచి కచ్చితంగా రెండు, బల్లమీద నుంచి కచ్చితంగా మూడు మాత్రమే వాడాలి. పోకర్‌లోనే మరో రకమైన టెక్సాస్ హోల్డెమ్‌లో చేతికి వచ్చే రెండు ముక్కలలో రెండూ వాడవచ్చు, ఒకటే వాడవచ్చు, రెండూ వదిలేసి బల్లమీది ఐదింటినే చూపవచ్చు. ఒమాహాలో ఆ స్వేచ్ఛ లేదు.

మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు చూసే ఒక పెద్దమనిషి మొదటి వారమే ఇక్కడ చిక్కుకున్నారు. ఆయన చేతిలో ఇస్పేటు ఆసు, ఆఠీను రాజు, డైమను తొమ్మిది, కళావరు నాలుగు ఉన్నాయి. బల్లమీద ఇస్పేటు రాణి, పది, ఏడు, మూడు, వాటితో పాటు కళావరు రాజు పడ్డాయి. “సార్, ఆసుతోని ఐదు ఇస్పేట్లయినయి, నాది కలరే గదా!” అని ముక్కలు పరిచారు. చేతిలో ఉన్న ఇస్పేటు ఒక్కటే; రెండోదిగా ఏ ముక్క తీసుకున్నా అది వేరే జాతిది. కాబట్టి ఆయనకు దక్కింది రాజుల జత మాత్రమే. ఎదుటివారి చేతిలోని ఇస్పేటు ఐదు, రెండు చూడటానికి ఎంత చిన్నవైనా, బల్లమీది రాణి, పది, ఏడుతో కలిసి ఫ్లష్, అంటే ఐదూ ఒకే జాతివైన కలర్ అయ్యాయి. అప్పటి నుంచి నా దగ్గర ఎవరూ నోటితో పేరు చెప్పరు. చేతిలోని రెండు ముక్కలను బల్లమీది మూడింటి పక్కన ఆనించి పెట్టి చూపాలి. నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

అపోహ: పంచగానే నాలుగు ఆసులు వస్తే ఆట గెలిచినట్లే.

వాస్తవం: 52 ముక్కలలో నాలుగు తీయడానికి 2,70,725 విధాలుంటే, నాలుగు ఆసులు అందులో ఒక్క విధం. అంత అరుదైన చేయి వచ్చినా నేనైతే సంతోషించను. వాడగలిగినవి రెండే కాబట్టి అది కేవలం ఆసుల జత. బల్లమీద మరో ఆసు పడే దారి కూడా మూసుకుపోయింది. నాలుగు ముక్కలూ ఒకదానితో ఒకటి కలిసే చేయి ఇక్కడ మేలు. నాలుగింటిలో రెండింటిని ఆరు విధాలుగా, ఐదింటిలో మూడింటిని పది విధాలుగా ఎంచుకోవచ్చు కనుక ప్రతి ఆటగాడికీ 60 కలయికలు దొరుకుతాయి. హోల్డెమ్‌లో ఇవి 21 మాత్రమే. అందుకే హోల్డెమ్‌లో బలంగా కనిపించే రెండు జతలు ఇక్కడ తరచుగా ఓడిపోతాయి.

అపోహ: కలర్ కంటే సీక్వెన్స్ పెద్దది.

వాస్తవం: మూడు ముక్కలాటలో అది నిజమే. మూడు ముక్కల కలయికలు 22,100 ఉంటే, వాటిలో సీక్వెన్సులు 720, కలర్లు 1,096. అరుదైనది పెద్దదిగా నిలిచింది. ఐదు ముక్కలకు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. 25,98,960 కలయికలలో వరుసలు 10,200 కాగా, ఒకే జాతివి 5,108 మాత్రమే. ఈ రెండు లెక్కలలోనూ ఒకే జాతిలో వరుసగా వచ్చేవి కలపలేదు. కనుక పోకర్‌లో ఫ్లష్ ముందు స్ట్రెయిట్, అంటే సీక్వెన్స్, తలవంచాలి. మూడు ముక్కలాటలో చాలాచోట్ల ఆసు, రెండు, మూడుకు వరుసలలో రెండో స్థానం ఇస్తారు. ఇక్కడ ఆసు నుంచి ఐదు వరకు వచ్చే వరుస అన్నిటికంటే చిన్నది.

అపోహ: సమానంగా వస్తే ఇస్పేటు వారిదే గెలుపు.

వాస్తవం: పోకర్‌లో జాతులకు పెద్దాచిన్నా లేదు. ఐదు ముక్కలూ సరిసమానమైతే మధ్యలో చేరిన పందెం మొత్తాన్ని పంచుకోవలసిందే.

అపోహ: డబ్బు పెట్టకపోతే పందెం నియమాలు వంటబట్టవు.

వాస్తవం: మా ఇంట్లో పందెం చింతగింజలే. తెలంగాణ 2017లోనే తన గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను రమ్మీతో సహా నిషేధించింది. 2025లో పార్లమెంటు ఆమోదించిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న భేదం చూడకుండా అలాంటి ఆటలను దేశమంతటా నిషేధించింది. “ఇది తెలివితో ఆడేది కదా” అనే వాదన నా దగ్గర సాగదు.

ఒమాహాను సాధారణంగా పాట్ లిమిట్ పద్ధతిలో, అంటే మధ్యలో చేరిన పందెం మొత్తాన్ని బట్టి పందానికి హద్దు పెట్టి ఆడతారు. మధ్యలో ఎన్ని గింజలుంటే అన్నే వేయవచ్చని చాలామంది అనుకుంటారు. ఎదుటివారు ముందే పందెం వేసినప్పుడు అది సరిపోదు. మధ్యలో 100 గింజలున్నాయి, ఒకరు 50 వేశారు. నా వంతు వచ్చినప్పుడు ముందు ఆ 50కి సమానంగా 50 వేసినట్లు లెక్కించాలి. మొత్తం 200 అవుతుంది. దానిపైన 200 వరకు పెంచవచ్చు కనుక నేను ముందుకు నెట్టగలిగినది 250. కలర్ దగ్గర తడబడిన మిర్యాలగూడ పెద్దమనిషి ఈ లెక్కను మాత్రం ఒక్కసారికే పట్టుకుని, ఇప్పుడు గింజలు లెక్కించే పని తానే చూసుకుంటున్నారు.