చీటీ లేని రాయి

మ్యూజియంలోని లావా రాళ్ల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలో, రాయిని ఫొటో తీయడం పెద్ద పనేం కాదు. పక్కన ఓ స్కేలు, రంగులు సరిచూసుకోవడానికి ఓ కలర్ కార్డు పెట్టి నొక్కేస్తే అయిపోతుంది. అసలు తలనొప్పి రాయి కింద ఉన్న చీటీతోనే.

యూనివర్సిటీ మ్యూజియంలో సొరుగు లాగితే అట్టపెట్టెలో రాయి, దాని మీద తెల్లరంగు పూసి రాసిన నంబరు, అడుగున రంగు మారిన చీటీ. అందులో "పడమటి వాలు, కొత్త లావా" అని ఉందనుకోండి. ఏ ఏటి లావా? రాసినాయనకు అది కొత్తే మరి! డేటాబేస్‌ మాత్రం అక్షాంశ రేఖాంశాలు అడుగుతుంది. ఆయన ఫీల్డ్ నోట్‌బుక్ దొరికితే అదృష్టం, లేదంటే పాత మ్యాపులు ముందేసుకుని కూర్చోవాలి. చీటీలోని మాటల్ని సరిదిద్ది ఎక్కించకూడదు. ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, మన ఊహ పక్క గడిలో, అది ఎన్ని కిలోమీటర్లు అటూ ఇటూ కావచ్చో ఇంకో గడిలో రాయాలి.

ఇంత అవస్థ దేనికంటే, కొన్నిటిని మళ్లీ వెళ్లి తెచ్చుకోలేం. 1883లో ఇండోనేషియాలోని అగ్నిపర్వత దీవి క్రకటోవా పేలినప్పుడు ఆ దీవిలో సుమారు మూడింట రెండు వంతులు మాయమైంది. తర్వాత అక్కడే నీళ్లలోంచి తలెత్తిన అనక్ క్రకటోవా కూడా 2018 డిసెంబరులో ఒక పక్క కూలి సునామీ తెచ్చింది. ఆ పోయిన వాలు మీద ఎవరో ఏరిన రాయి ఏ సొరుగులోనైనా ఉంటే, చీటీ ఉన్నంతవరకే దానికి విలువ.

త్రీడీ మోడల్ అన్నిటికీ అక్కర్లేదని నా అభిప్రాయం. బసాల్ట్ అనే గరుకు నల్ల లావా రాయిని చుట్టూ ఫొటోలు తీస్తే, సాఫ్ట్‌వేర్ ఒక ఫొటోలోని మచ్చల్ని మరోదానిలో గుర్తుపట్టి ఆకారం కట్టేస్తుంది. అబ్సిడియన్ దగ్గర బోల్తా పడుతుంది. అది లావా గడ్డకట్టి ఏర్పడిన గాజు. కెమెరా జరిగితే దాని మీద మెరుపూ జరుగుతుంది.

ఆ శ్రమేదో థిన్ సెక్షన్ల మీద పెడితే మేలు. రాతి ముక్కను గాజు పలకకు అతికించి 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా అరగదీస్తారు. మైక్రోస్కోప్ కింద పోలరైజ్డ్ కాంతిలో (ఒకే దిశలో కంపించే కాంతిలో) చూస్తే, బొగ్గులా కనిపించిన బసాల్టే రంగులమయం. అందులోని ఆలివిన్ అనే ఖనిజం నీలం, గులాబీ రంగుల్లో మెరుస్తుంది, ప్లేజియోక్లేజ్ అనే మరో ఖనిజం మీద నలుపు తెలుపు చారలు కనిపిస్తాయి. పలకను కాస్త తిప్పితే నల్ల చార తెల్లబడుతుంది, తెల్లది నల్లబడుతుంది. ఖనిజాన్ని గుర్తుపట్టేది ఈ మార్పును బట్టే. అందుకే ఒక్క ఫొటో చాలదు. రకరకాల కోణాల్లో తీసి పెడితే, ఎక్కడో ఉన్న విద్యార్థి మౌస్‌తోనే పలక తిప్పుకుంటాడు.

ఈ పనిలో ఉండగా కొన్ని రాళ్లకు ఓ అంచున నున్నటి కోత కనిపిస్తుంది. ఎప్పుడో ఎవరో రసాయన పరీక్ష కోసం కోసుకెళ్లారన్నమాట. ఆ ఫలితాలు ఏ థీసిస్ చివరి పేజీల్లో ఉన్నాయో వెతికి ఈ రికార్డుకు తగిలిస్తే, ఇంకొకరు రంపం పట్టుకుని రారు.