వీడియో క్వాలిటీ ఒకసారి పెడితే సరిపోతుందా? మా అంగట్లో రోజూ వినే అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో సప్తగిరి సర్కిల్ దగ్గర మాది చిన్న మొబైల్ సర్వీస్ అంగడి. ఈ మధ్య డిస్‌ప్లే పగిలి వచ్చేవాళ్లకంటే "అన్నా వీడియో మసగ్గా వస్తాంది", "అన్నా మధ్యాన్నానికే నెట్ అయిపోతాంది" అని వచ్చేవాళ్లే ఎక్కువైనారు. చానామందికి ఫోన్లో రిపేరేం ఉండదు, సెట్టింగ్ తెలీకనే.

అపోహ: వీడియో మీద గేర్ గుర్తు నొక్కి 480పి (బొమ్మ ఎంత తేటగా రావాలో చెప్పే నంబరు, ఎక్కువుంటే తేట ఎక్కువ) పెట్టేసినా, ఇంక అన్నిటికీ అదే.

కాదప్పా. యూట్యూబ్ యాప్‌లో ఆడ పెట్టే నంబరు ఆ ఒక్క వీడియోకే. ఎప్పటికీ ఉండాలంటే యాప్ సెట్టింగ్స్‌లోకి పోయి వీడియో క్వాలిటీ ప్రిఫరెన్సెస్ చూడాల. మొబైల్ డేటాకు ఒకటి, వైఫైకి ఒకటి వేరేవేరేగా ఉంటాయి, కానీ ఆడ నంబర్లుండవు, ఆటో, హయ్యర్ పిక్చర్ క్వాలిటీ, డేటా సేవర్ అంతే. అంటే మన ఇష్టం చెప్పుకోవడమే, ఎంత ఇయ్యాలనేది మళ్లీ యాపే చూసుకుంటాది. నేనైతే అందరికీ మొబైల్ డేటాకు డేటా సేవర్, వైఫైకి ఆటో పెట్టి పంపిస్తా.

అపోహ: డేటా సేవర్ పెట్టుకున్నా కదా, ఇంక నెట్ కాలదు.

పోయిన ఎండాకాలం ఒక పెద్దాయన వచ్చినాడు, రోజుకు 1.5 జీబీ ప్యాకు, సినిమా అట్ల మొదలుపెడితే ఇట్ల అయిపోతాందంట, ఫోన్లో ఎవడో దూరినాడని ఆయన అనుమానం. ఫోన్ చూస్తే సెట్టింగులన్నీ సక్రమంగా ఉండాయి. అడగంగా అడగంగా చెప్పినాడు, ఫోన్లో హాట్‌స్పాట్ వేసి టీవీలో చూస్తాడంట! టీవీకేం తెలుసు సామీ అది మన రీఛార్జ్ డబ్బులని, దాని కంటికి అది వైఫై, హెచ్‌డీలో లాగేస్తాది. నెట్‌ఫ్లిక్స్ వాళ్లే చెప్పే లెక్క ప్రకారం గంటకు లో అయితే 0.3 జీబీ దాకా, మీడియం అయితే 0.7, హైలో హెచ్‌డీ అయితే 3 జీబీ దాకా పోతాది. ఆ లెక్కన 1.5 జీబీ అరగంటకు ఖాళీ, మీడియంలో పెడితే రెండు గంటల సినిమా అయిపోయినా ఇంకొంచెం మిగుల్తాది. ఫోన్లో ఎంత పెట్టుకున్నా టీవీకి పట్టదు, దాని లెక్క దానిదే, ఆడ కూడా తగ్గించుకోవాల.

అపోహ: ఆటో అంటే కంపెనీవాళ్లు మనకు తక్కువ క్వాలిటీ ఇచ్చి మోసం చేసేది.

ఈ అనుమానం ఊరికే రాలేదులే. 2020 మార్చిలో లాక్‌డౌన్ అప్పుడు నెట్‌వర్క్ మీద బరువు తగ్గాలని మన దేశంలో మొబైల్ డేటాకు 480పి దాటనీకుండా నిజంగానే తగ్గించినారు. కానీ మామూలు రోజుల్లో ఆటో చేసే పని వేరే. వీడియోను కొన్ని సెకండ్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను చిన్నదీ పెద్దదీ అని నాలుగైదు సైజుల్లో పెట్టుకోనుంటారు, ముందు ముక్క ఎంత తొందరగా వచ్చిందో చూసుకోని తర్వాతది ఏ సైజు అడగాలో ప్లేయరే తేల్చుకుంటాది. అందుకే మొదట్లో మసగ్గా ఉండి తర్వాత తేటపడేది. రాత్రి తొమ్మిదికి వీధి వీధంతా ఒకే టవర్ మీద పడినప్పుడు మొండిగా 1080పి పెట్టుకుంటే చక్రం తిరిగేది చూస్తా కూర్చోవాల్సిందే.

అపోహ: ఫైబర్ నెట్ ఉంది, ఫోన్ ఫుల్ హెచ్‌డీ, కాబట్టి అన్ని యాపుల్లో హెచ్‌డీ రావాల.

ఆండ్రాయిడ్ ఫోన్లో వైడ్‌వైన్ అని ఒకటుంటాది, దొంగ కాపీలు తీయకుండా పెట్టిన తాళం. దాంట్లో గట్టి స్థాయి ఎల్1 ఉంటే హెచ్‌డీ, కింది స్థాయి ఎల్3 ఉంటే నెట్‌ఫ్లిక్స్ ఎంత స్పీడున్నా ఎస్‌డీ (హెచ్‌డీ కంటే తక్కువ, 480పి అట్ల) దాటదు. నెట్‌ఫ్లిక్స్ యాప్ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ అని ఉంటాది, ఆడ కనపడతాది. కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసి వేరేది ఎక్కించాలని బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి ఆడుకునే పిల్లోళ్ల ఫోన్లు కొన్ని ఎల్3కి దిగిపోతాయి, ఆమీద నా దగ్గరికొచ్చి నెట్‌వాళ్లను తిడతారు.

ఇంగ డౌన్‌లోడ్ క్వాలిటీ వేరే సెట్టింగు, చూసే క్వాలిటీ తగ్గించినంత మాత్రాన అది తగ్గదు. ఊరికి పోయే ముందు రాత్రే ఇంట్లో వైఫై మీద దించుకోని బస్సెక్కండి.