ముక్కుపట్టీ ఎక్కడిదాకా పనిచేస్తుంది?

ముక్కు మీద అడ్డంగా అంటించుకునే పట్టీ వేసుకుని పడుకుంటే తనకు గాలి హాయిగా ఆడుతున్నట్లే ఉందనీ, గురక మాత్రం ఏమీ తగ్గలేదని ఇంట్లోవాళ్లు అంటున్నారనీ, ఈ రెండింటిలో దేన్ని నమ్మాలో తెలియడం లేదనీ ఒక పాఠకుడు అడిగారు. రెండింటినీ నమ్మవచ్చు. పట్టీ తన పని తాను చేస్తూనే ఉండవచ్చు, గురక అలాగే ఉండిపోనూవచ్చు. ఇందులో వైరుధ్యం లేదని తేలాలంటే ఔషధాల దుకాణాన్ని కాసేపు పక్కన పెట్టి, మెత్తని గోడలున్న గొట్టంలో గాలి ఎలా ప్రవర్తిస్తుందో చూడాలి.

పాఠశాలలో శ్వాసక్రియ పాఠం మొదలైందంటే ముక్కును ఒక్క వాక్యంలో దాటేసి ఊపిరితిత్తులకు వెళ్లిపోతారు. ముక్కు వెంట్రుకలు దుమ్మును ఆపుతాయని చెప్పడంతో ఆ అవయవం కథ ముగిసిపోతుంది. నిజానికి విశ్రాంతిగా ఉన్న మనిషి ముక్కుతో గాలి పీల్చినప్పుడు, శ్వాసమార్గం మొత్తంలో ఎదురయ్యే నిరోధంలో దాదాపు సగం ముక్కులోనే ఉంటుంది. అందులోనూ పెద్ద వాటా, ముక్కుపుటం అంచు నుంచి సుమారు ఒకటిన్నర సెంటీమీటరు లోపల ఉన్న ఒక ఇరుకు సందుది. దాన్ని వైద్యులు నాసికా కవాటం అంటారు. దానికి ఒకవైపు నడిమి దూలం, మరొకవైపు పక్కగోడలోని పలుచని మృదులాస్థి ఉంటాయి. ఈ రెండూ కలిసే చోట కోణం 10 నుంచి 15 డిగ్రీలకు మించదు. దూలం ఏ కాస్త అటువైపు వంగినా, పక్కగోడ ఏ కాస్త మెత్తబడినా, ఉన్న సందు కాస్తా పోతుంది.

కొబ్బరిబొండాంలో కాగితపు స్ట్రా వేసుకుని తాగినవారికి ఈ ఇబ్బంది అనుభవమే. 2022 జులై 1 నుంచి దేశంలో ప్లాస్టిక్ స్ట్రాలపై నిషేధం వచ్చాక ఈ అనుభవం మరింతమందికి కలిగింది. కాగితం నానిన తరువాత నెమ్మదిగా పీలిస్తే నీళ్లు వస్తూనే ఉంటాయి, ఆత్రంగా పీలిస్తే గోడలు ఒకదానికొకటి అతుక్కుని ఏమీ రావు. పీల్చినప్పుడు స్ట్రా లోపలి పీడనం తగ్గుతుంది, బయటి వాతావరణ పీడనం గోడల్ని లోపలికి నొక్కుతుంది, గోడకు ఆ నొక్కుడును తట్టుకునే బిగువు లేకపోతే గొట్టం చప్పబడిపోతుంది. ఇరుకైన చోట ప్రవాహం వేగం పుంజుకోవడం వల్ల అక్కడ పీడనం ఇంకా పడిపోతుంది, దాంతో ఇరుకు మరింత ఇరుకవుతుంది. బెర్నూలీ సూత్రానికి ఉదాహరణగా మనం విమానం రెక్కనూ స్ప్రే సీసానూ చూపిస్తాము గాని, పిల్లలందరి దగ్గరా ఎప్పుడూ ఉండే ముక్కును చూపించము. అద్దం ముందు నిలబడి ఒక్కసారి గట్టిగా ఎగపీలిస్తే ముక్కు పక్కగోడలు లోపలికి లాక్కుపోవడం ఎవరికైనా కనిపిస్తుంది.

ఇక పట్టీ చేసే పని చెప్పడం సులభం. జిగురుగుడ్డలో రెండు సన్నని ప్లాస్టిక్ బద్దలు పక్కపక్కనే ఉంటాయి. ముక్కు మీదుగా వంచి అంటించినప్పుడు అవి మళ్లీ తిన్నగా కావాలని ప్రయత్నిస్తాయి, ఆ ప్రయత్నంలో రెండు పక్కగోడల్నీ బయటికి లాగి పట్టుకుంటాయి. అంటే నానిన స్ట్రాకు బయటినుంచి రెండు బద్దలు కట్టినట్లు. సందు కొంచెం పెరుగుతుంది, గోడకు బిగువూ వస్తుంది. ఆ కొంచెం పెరుగుదలకే ఇంత మార్పు ఎందుకు తెలుస్తుందంటే, ప్రవాహం గొట్టం వెడల్పుతో సమానంగా పెరగదు. గుండ్రని గొట్టంలో సాఫీగా సాగే ప్రవాహం వ్యాసార్ధపు నాలుగో ఘాతంతో పెరుగుతుందని పాయిజోయ్ నియమం. వ్యాసార్ధం 10 శాతం పెరిగితే, పీడనం మారకపోయినా, ప్రవాహం 46 శాతం పెరుగుతుంది. అయితే చాలామంది ఈ 46 శాతాన్నే పట్టుకుని ఉత్సాహపడతారు గాని, నాసికా కవాటం గుండ్రంగా లేదు, నిలువు చీలికలా ఉంది. చీలికకు వర్తించేది సందు వెడల్పు మూడో ఘాతం, అంటే 33 శాతం. పైగా ముక్కులో గాలి పూర్తి సాఫీగా సాగదు, సుడులు తిరుగుతుంది కనుక వాస్తవ లాభం ఇంకా తగ్గుతుంది. తగ్గినా అది లాభమే, ముఖ్యంగా కవాటం సహజంగానే ఇరుకుగానో మెత్తగానో ఉన్నవారికి. దీన్ని పట్టీ కొనకుండానే పరీక్షించుకోవచ్చు. ముక్కు పక్కన బుగ్గమీద వేలు ఆనించి చర్మాన్ని చెవివైపు మెల్లగా లాగి పీల్చి చూస్తే చాలు, దీన్నే కాటిల్ పరీక్ష అంటారు. ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా కొంత తేలికగానే అనిపిస్తుంది కాబట్టి, తేడా కొట్టొచ్చినట్లు ఉంటేనే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఈ పట్టీని రూపొందించిన బ్రూస్ జాన్సన్ అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంవాడు, స్వయంగా వంకర దూలంతో బాధపడినవాడు. 1993లో అక్కడి ఆహార ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. 1995 జనవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ తుదిపోరులో, జెర్రీ రైస్ వంటి ఆటగాళ్లు దాన్ని ధరించి టీవీ తెరల మీద కనిపించాక దానికి గిరాకీ పెరిగింది. ఆటగాళ్లకు దానివల్ల ఒరిగింది మాత్రం పెద్దగా లేదు. విశ్రాంతిలో నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీల్చే మనిషికి పరుగులో ఆ అవసరం 35, 40 లీటర్లు దాటగానే నోరు దానంతటదే తెరుచుకుంటుంది, అంతటితో ముక్కు ఇరుకు ప్రధాన అడ్డంకి కాకుండా పోతుంది. ఆరోగ్యవంతులైన ఆటగాళ్ల మీద జరిగిన ప్రయోగాల్లో ఆక్సిజన్ వినియోగ సామర్థ్యం నమ్మదగినంతగా పెరగకపోవడానికి ఇదే కారణమని నా అభిప్రాయం. గుర్రం సంగతి వేరు. అది నోటితో గాలి పీల్చలేదు, ఎంత పరుగెత్తినా ముక్కే దిక్కు. అందుకే పందెపు గుర్రాల పట్టీకి మనుషుల పట్టీ కన్నా శాస్త్రీయంగా బలమైన ఆధారం ఉంది. 2014లో ముక్కుపట్టీతో కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్ గెలిచిన కాలిఫోర్నియా క్రోమ్ అనే గుర్రానికి, మూడో పందెమైన బెల్మాంట్‌లోనూ పట్టీ వాడుకోవడానికి న్యూయార్క్ పందెపు అధికారులు ప్రత్యేకంగా అనుమతి ఇవ్వవలసి వచ్చింది. ఆ పందెంలో అది నాలుగో స్థానాన్ని మరో గుర్రంతో పంచుకుంది.

ఇప్పుడు గురక. గురక శబ్దం పుట్టేది ముక్కులో కాదు, దాని వెనుక మెత్తటి అంగిలి, కొండనాలుక, నాలుక మొదలు ఉన్న గొంతు భాగంలో. శ్వాసమార్గంలో ఇంత పొడవునా ఎముకగాని మృదులాస్థిగాని గోడగా లేని భాగం మరొకటి లేదు. మెలకువలో కండరాలు దాన్ని తెరిచి ఉంచుతాయి, నిద్రలో అవి సడలుతాయి. మళ్లీ బొండాం దగ్గరికి వెళ్దాం. స్ట్రా అడుగున లేత కొబ్బరి ముక్క అడ్డుపడిందనుకోండి. అడ్డు ఉన్నది అడుగున, చప్పబడేది మాత్రం నోటి దగ్గరి భాగం. ఎందుకంటే అడ్డుకు ఇవతల, పీల్చేవైపున, పీడనం బాగా పడిపోతుంది. ముక్కు దిబ్బడ వేసినప్పుడు గురక పెరగడం ఇలాగే జరుగుతుంది: ముక్కు ఆ కొబ్బరిముక్క, గొంతు ఆ నానిన భాగం. ముక్క తొలగిస్తే స్ట్రా మళ్లీ తెరుచుకోవచ్చు. స్ట్రా పైభాగం మరీ నానిపోయి ఉంటే మాత్రం ముక్క తొలగించినా అది నిలబడదు.

ఈ ఏర్పాటును శరీరధర్మశాస్త్రంలో స్టార్లింగ్ నిరోధకం అంటారు. 20వ శతాబ్దపు ఆరంభంలో గుండెపై ప్రయోగాలు చేసిన ఎర్నెస్ట్ స్టార్లింగ్ వాడిన మెత్తని రబ్బరు గొట్టం పేరే గొంతుకూ వచ్చింది. దాని లెక్క ఇంతే: గొంతు గుండా వెళ్లగల గరిష్ఠ ప్రవాహం = (ముక్కు ద్వారం దగ్గరి పీడనం − గొంతు మూసుకుపోయే పీడనం) ÷ ముక్కు నిరోధం. ఈ సమీకరణంలో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది అందులో లేని అంశం. ఛాతీ ఎంత బలంగా లాగుతోందన్నది ఇందులో ఎక్కడా కనిపించదు. నిద్రలో గాలి చాలక ఉదరవితానం రెట్టింపు బలంతో లాగినా ప్రవాహం పెరగదు, నానిన స్ట్రాను ఆత్రంగా పీల్చినవాడికి దక్కిన ఫలితమే దానికీ దక్కుతుంది.

ఇక అంకెలు వేద్దాం. ఇంత చిన్న పీడనాల్ని అవి నిలబెట్టగల నీటి మట్టం ఎత్తుతో కొలుస్తారు. ముక్కు ద్వారం దగ్గర ఉన్నది వాతావరణ పీడనం, దాన్ని సున్నా అనుకుందాం. ఆరోగ్యవంతుడి గొంతు నిద్రలో మూసుకుపోవాలంటే పీడనం సుమారు మైనస్ 10 సెంటీమీటర్ల నీటి మట్టానికి, ఇంకా కిందికి పడాలి. గురకపెట్టేవారిలో ఇది సుమారు మైనస్ 10కీ మైనస్ 5కీ మధ్య ఉంటుంది. మైనస్ 8 అనుకుంటే లవంలో 8 మిగులుతుంది, పట్టీ వల్ల హారం అయిదోవంతు తగ్గితే ప్రవాహం 25 శాతం పెరుగుతుంది. ఇటువంటి వారికి, అందులోనూ ముక్కు దిబ్బడ వల్లే గురకపెట్టేవారికి, పట్టీతో ఫలితం ఉండవచ్చు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి పదేపదే ఆగిపోయే స్లీప్ ఆప్నియా ఉన్నవారిలో ఆ పీడనం సున్నాకు చేరుతుంది లేదా దాటుతుంది. అంటే వారి గొంతు మామూలు వాతావరణ పీడనం దగ్గరే మూసుకుపోతుంది. లవం సున్నా లేదా అంతకన్నా తక్కువైనప్పుడు హారాన్ని ఎంత తగ్గించినా ప్రయోజనం ఏముంది? పట్టీలు స్లీప్ ఆప్నియాను తగ్గించవని పరిశోధనలు చెబుతున్నది ఈ లెక్కకు సరిపోతుంది. వారికి మార్చవలసినది మొదటి పదం, ముక్కు దగ్గరి పీడనం. 1981లో సిడ్నీలో కాలిన్ సలివన్ బృందం సరిగ్గా అదే చేసింది. ముక్కుకు మాస్కు పెట్టి ఎడతెగకుండా గాలి ఊదే ఆ యంత్రమే సీప్యాప్. నేటి యంత్రాలు 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానమైన పీడనాన్ని ఇస్తాయి. స్ట్రాను పీల్చడం మాని రెండో కొసనుంచి ఊదితే నానిన గోడలు వాటంతటవే విచ్చుకుంటాయి. కాబట్టి పెద్ద గురకతోపాటు నిద్రలో ఊపిరి ఆగినట్లు ఇంట్లోవాళ్లు గమనిస్తే, పగలు కునికిపాట్లు వస్తుంటే, పట్టీల రకాలు మారుస్తూ కూర్చోకుండా నిద్ర పరీక్ష చేయించుకోవాలి. నోటికి టేపు అంటించుకుని పడుకునే కొత్త వేలంవెర్రి గురించి ఒక్కమాట చెప్పి వదిలేస్తాను: ముక్కు సరిగా ఆడనివారు నోటినీ మూసుకోవడం ప్రమాదకరం.

పాఠకుడు చెప్పిన హాయి సంగతి మిగిలింది. గాలి ఎంత ఆడుతోందో కొలిచే సాధనం ముక్కులో లేదు. లోపలికి వచ్చే గాలి వల్ల పొర ఎంత చల్లబడుతోందో మాత్రమే నాడులు చెబుతాయి, మెదడు దాన్నే గాలిగా లెక్కిస్తుంది. ఆ చలువను పట్టే గ్రాహకాన్ని 2002లో గుర్తించిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటాపూటియన్‌లకు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. వారు దాన్ని పట్టుకోవడానికి ఎరగా వాడినది మెంథాల్, ఎందుకంటే మెంథాల్ అదే గ్రాహకాన్ని తాకి చల్లదనాన్ని భ్రమింపజేస్తుంది. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు మొదలుపెట్టిన అమృతాంజనాన్ని తలనొప్పికి రాసుకున్నవారికి, ముక్కు కూడా విచ్చుకున్నట్లు అనిపించడం దీనివల్లే. కొలిచి చూస్తే ముక్కు నిరోధం మారదు. హాయి నిజం, గాలి పెరిగిందనుకోవడం అపోహ. దీన్ని నేను మోసమనను, నిద్ర పట్టడానికి ఆ హాయి చాలా మందికి సరిపోతుంది. కానీ పసిపిల్లల మెడలో కర్పూరం మూట కట్టే అలవాటును మాత్రం సమర్థించలేను, కర్పూరం వారి కడుపులోకి పోతే మూర్ఛలు రాగలవు.

ఒక ముక్కు ఆడుతుంటే మరొకటి బిగుసుకోవడం, కొన్ని గంటలకు అది తారుమారు కావడం కూడా జబ్బు కాదు. ముక్కు లోపలి పక్కగోడల నుంచి పొడుచుకొచ్చిన టర్బినేట్లనే మడతల్లోని రక్తనాళాలు వంతులవారీగా ఉబ్బుతాయని 1895లో జర్మన్ వైద్యుడు రిచర్డ్ కైజర్ వర్ణించాడు. మన స్వరశాస్త్రం ఈ వంతుల్ని అంతకు చాలాముందే గమనించింది, కాని ఏ ముక్కు ఆడుతుంటే ఆ కాలు ముందు పెట్టి బయలుదేరితే పని అవుతుందనే దాకా పోయి దారి తప్పింది. అదే సంప్రదాయంలో యోగులు చంక కింద ఆనించుకునే కర్ర, యోగదండం, మాత్రం గట్టి పరిశీలన. చంకలో ఒకవైపు ఒత్తిడి పడితే ఆ వైపు ముక్కు బిగుసుకుని ఎదుటి వైపు తెరుచుకునే ప్రతిక్రియ ఒకటి ఉందని ప్రయోగాలు చూపాయి. ఒక పక్కకు తిరిగి పడుకున్నా ఇదే జరుగుతుంది, కిందివైపు ముక్కు బిగుసుకుంటుంది, పైది ఆడుతుంది. దూలం కుడివైపు వంగినవారు ఎడమకు తిరిగి పడుకుంటే, ఆడే ఎడమ ముక్కు బిగుసుకుని ఇరుకైన కుడిది మాత్రం మిగులుతుంది, రాత్రంతా అవస్థ. వారు కుడిపక్కకు తిరిగి పడుకుంటే నయం.

ముక్కు దిబ్బడకు వాడే చుక్కలు పనిచేసే చోటు వేరు. జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ ఈ టర్బినేట్ల రక్తనాళాలనే ముడుచుకునేలా చేస్తాయి, కవాటం గోడ మీద వాటికి పట్టు లేదు. అందువల్ల పట్టీతో తేడా లేక చుక్కలతో తేడా తెలిస్తే బాధ లోపలి పొరలో ఉన్నట్లు, పట్టీతోనే తేడా తెలిస్తే గోడలో ఉన్నట్లు కొంతవరకు ఊహించవచ్చు. అయితే ఆ చుక్కలు నాలుగైదు రోజులు మించి వాడితే, మందు దిగినప్పుడల్లా పొర మునుపటికన్నా ఎక్కువగా ఉబ్బి, చుక్కలు లేనిదే నిద్రపట్టని స్థితి వస్తుంది. అలర్జీతో నెలల తరబడి దిబ్బడ ఉండేవారికి వైద్యుడు రాసే స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీటి కడుగు మేలు. జలనేతి చేసేవారు కుళాయి నీటిని నేరుగా వాడకుండా, కాచి చల్లార్చిన నీటినే వాడాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో శుద్ధిచేయని కుళాయి నీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు, నెగ్లీరియా అనే అమీబా మెదడుకు చేరి మరణించారు.