దీపాలవేళకు ఇంట్లో ఎవరున్నారు?

మా ఊరు ముత్తుకూరు దారిలో ఉంటుంది. రాత్రి ఏడున్నర దాటాక రొయ్యల కంపెనీ బస్సు వచ్చి రావిచెట్టు దగ్గర ఆగుతుంది. ఇరవై మంది దాకా ఆడవాళ్లు దిగుతారు. పొద్దుటి నుంచి ఐసు నీళ్లలో రొయ్యల తలలు తీసి, తొక్క ఒలిచిన చేతులవి. వేళ్ల కొసలు పాలిపోయి, ముడతలు పడి ఉంటాయి. వాళ్లలో సగం మంది నేరుగా ఇంటికి పోరు. సెంటర్లో కర్రీ పాయింట్ ముందు నిలబడి పప్పో సాంబారో కవర్లో కట్టించుకుంటారు. చేపల పులుసుకు పేరు మోసిన నెల్లూరు జిల్లా మాది. మాపటికి కాచి, రాత్రంతా సట్టిలో ఊరనిచ్చి, మర్నాడు సద్దన్నంలో వేసుకుంటేనే ఆ పులుసుకు రుచి. ఆ సట్టి పొయ్యి మీద పెట్టే వేళకు ఇప్పుడు ఇళ్లల్లో మనుషులు లేరు.

ఈ బస్సు ఇంకో గంట ఆలస్యంగా వచ్చే రోజులు రావచ్చు. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించాలని నిర్ణయించింది. సెప్టెంబరులో శాసనసభ ఆ బిల్లును ఆమోదించింది. దాని ప్రకారం రోజుకు తొమ్మిది గంటలుగా ఉన్న గరిష్ఠ పనివేళ పది గంటలకు పెరిగింది. ఐదు గంటల పనికి ఒకసారి ఇవ్వాల్సిన విరామం ఆరు గంటలకు ఒకసారి అయింది. మూడు నెలల్లో 75 గంటలు దాటకూడదన్న ఓవర్‌టైం 144 గంటల దాకా పోవచ్చు. ఆడవాళ్లు ఒప్పుకుంటే, రవాణా, భద్రత చూపిస్తే రాత్రి షిఫ్టులో పెట్టుకోవచ్చు. వారానికి 48 గంటల హద్దు మాత్రం అలాగే ఉంచారు.

దీని మీద మాట్లాడేవాళ్లు రెండు రకాలుగా మాట్లాడుతున్నారు. పెట్టుబడులు వస్తాయని ఒకరు, కార్మికుల హక్కు పోతుందని ఇంకొకరు. ఇద్దరి మాటల్లోనూ ఇల్లు అన్న పదం నాకు వినబడలేదు. నేను పాత పద్ధతుల మీద నమ్మకమున్న మనిషిని. ఇంటిల్లిపాదీ ఒకచోట కూడే సాయంత్రాన్ని గంటకింత అని ఓవర్‌టైం కట్టి కొనడం తగదని నా నమ్మకం. ఆ సాయంత్రం మన జిల్లాల్లో ఎట్లా ఉండేది, ఎట్లా చేజారింది, మధ్యలో ఎవరు దాన్ని పట్టి నిలపాలని చూశారు అన్నది తెలుసుకోకుండా ఈ పది గంటల గురించి మాట్లాడితే సగం మాటే అవుతుంది.

పూటల లెక్క

మా అవ్వకు గడియారం చూడటం రాదు. కోడి కూత, పొద్దు పొడుపు, సద్దిపొద్దు, పసులు ఇల్లు చేరే వేళ, దీపాలవేళ. ఇవే ఆమె గంటలు. దీపం పెట్టాక ఇంట్లోంచి ఉప్పుగానీ డబ్బుగానీ బయటికి ఇచ్చేది కాదు. పొరుగామె చేబదులుకు వస్తే, "దీపాలు పెట్టేశాం గదమ్మా, పొద్దున్నే రా" అనేది. లక్ష్మి ఇంట్లోకి వచ్చే వేళకు ఇంట్లోది బయటికి పోగూడదని ఆమె చెప్పే కారణం. ఆ వేళకు పడుకోకూడదు, తల దువ్వకూడదు, ఇల్లు ఊడవకూడదు. చిన్నప్పుడు ఇవన్నీ ఆంక్షల్లాగే అనిపించేవి. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ వేళకు చేతిలో పని వదిలి అందరూ ఒకచోటికి చేరడానికి పెట్టిన కట్టుబాటు అది.

ఏడాది కూడా అట్లాగే నడిచేది. పెన్న కింది మాగాణిలో మొలగొలుకుల వరి వేసేవాళ్లు. ఇంచుమించు ఆరు నెలల పంట. ఈశాన్య రుతుపవనాల వానలతో ఎదిగి, సంక్రాంతి నాటికి ఇంటికొచ్చే ధాన్యం. నాట్లప్పుడు, కోతలప్పుడు ఒళ్లు విరిగే పని. ఆ తర్వాత ఎండాకాలమంతా పెళ్లిళ్లు, తిరునాళ్లు. జొన్నవాడ కామాక్షమ్మ బ్రహ్మోత్సవాలూ, పెంచలకోన నరసింహస్వామి బ్రహ్మోత్సవాలూ వైశాఖంలోనే రావడం కాకతాళీయమని నేననుకోను. అప్పటికి గాదె నిండి ఉంటుంది, పొలం ఖాళీగా ఉంటుంది. తోలుబొమ్మలాట వాళ్లు ఊళ్లోకి దిగేదీ ఆ రోజుల్లోనే. తెర కట్టి, దీపం వెలిగించి మొదలుపెడితే తెల్లవారుజాము దాకా ఆట సాగేది. పిల్లలు చాపల మీదే నిద్రపోయేవాళ్లు.

వారానికో రోజు ఆగడం కూడా మనకు కొత్త సంగతి కాదు. వలేటివారిపాలెం దగ్గర మాలకొండ ఉంది. అక్కడ మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి గుడి తలుపులు శనివారం మాత్రమే తెరుస్తారు. తక్కిన ఆరు రోజులు స్వామిని రుషులు కొలుచుకుంటారని నమ్మకం. కందుకూరు, పామూరు వైపు పల్లెలకు శనివారం అంటే కొండకు పోయే రోజు. ఎద్దుకూ విరామం ఉండేది. అమావాస్య నాడు అరక కట్టరు, కనుమ నాడు కాడి ఎత్తరు. ఒంగోలు గిత్తను ప్రపంచమంతా పట్టుకుపోయింది. బ్రెజిల్‌లో ఆ జాతిని ఇప్పటికీ మన నెల్లూరు పేరుతో నెలోర్ అనే పిలుస్తారు. ఆ గిత్తను పెంచిన రైతు దానికి పండగ నాడు పని చెప్పడం పాపమనుకున్నాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ తీరిక అందరికీ సమానంగా దక్కలేదు. ఏడాది జీతానికి కుదిరిన పాలేరు రాత్రి కూడా పసులకొట్టం దగ్గరే పడుకునేవాడు. వాడి భార్య దీపాలవేళకు దొరసాని ఇంట్లో అంట్లు తోముతూ ఉండేది. ఇంటిగలామె మాత్రం తీరిగ్గా కూర్చుందా అంటే, అందరూ తిన్నాక మిగిలింది తిని ఆఖరున పడుకునేది. పాత పద్ధతిని ప్రేమించేవాళ్లం ఈ తప్పును ఒప్పుకోవాలి. పాలేరు భార్యకు అందని సాయంత్రాన్ని ఆమె మనవరాలికైనా అందించాల్సింది పోయి, ఇంటిగలామె మనవరాలికి కూడా లేకుండా చేసుకున్నాం.

నీళ్లు, పొగాకు, సైరన్

నెల్లూరు దగ్గర పెన్న మీద 1855లో, సంగం దగ్గర 1886లో ఆనకట్టలు పూర్తయ్యాయి. నీళ్లకు భరోసా వచ్చింది, మాగాణి పెరిగింది. సోమశిల జలాశయం తర్వాత రెండో పంటా వచ్చింది. ఎండాకాలపు తీరిక మొదట తరిగింది అక్కడే. రైతు దాన్ని ఇష్టపడే వదులుకున్నాడు, అందుకు అతన్ని తప్పుపట్టలేం.

మెట్ట ప్రాంతంలో కథ వేరు. ఒంగోలు, కొండపి, టంగుటూరు వైపు వర్జీనియా పొగాకు వచ్చింది. పొగాకు మంచి పంట అని నేను చెప్పను. అది తాగినవాళ్లకూ, ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్ల కట్టెల కోసం కొట్టేసిన చెట్లకూ చేసిన చెడు తక్కువది కాదు. కానీ ఆ పనికున్న తీరు చూడాలి. పచ్చాకు కోసి, కర్రలకు కట్టి, బ్యారన్‌లో వేలాడదీస్తే ఐదారు రోజులు రాత్రీ పగలూ పొయ్యి మండుతూనే ఉండాలి. వేడి ఒక్కసారి తప్పితే ఆకు రంగు పోతుంది, రంగు పోతే వేలంలో రేటు పోతుంది. అందుకని ఇంటి పెద్ద మంచం బ్యారన్ దగ్గరికే చేరేది. అన్నం క్యారియర్ అక్కడికే పోయేది. పిల్లలు ఆ పొయ్యిలో చిలగడదుంపలు కాల్చుకుని తినేవాళ్లు. రాత్రి పని నిజమే, కష్టం నిజమే. అయినా ఆ పని చుట్టూ ఇల్లు తిరిగేది. ఆకు క్యూరింగు అయిపోయాక పొయ్యి ఆరిపోయేది, మనిషి మళ్లీ తన వసారాలో పడుకునేవాడు.

అదే పొగాకు చీరాల కంపెనీ గేటు దాటాక సైరన్‌కు లొంగింది. గ్రేడింగ్ షెడ్లలో వరుసగా కూర్చున్న ఆడవాళ్లు సైరన్‌తో లోపలికి, సైరన్‌తో బయటికి. గూడూరు అభ్రకం (మైకా) గనుల దగ్గరా అంతే. రేకులు చీల్చేదీ, సైజు ప్రకారం ఏరేదీ ఎక్కువగా ఆడవాళ్లే. మన వైపు ఇల్లూ పనీ వేరు పడింది ఈ రెండు చోట్లే మొదలని నా అంచనా.

చట్టం అప్పటికే ఈ గంటల గొడవలో పడింది. 1881లో వచ్చిన తొలి ఫ్యాక్టరీ చట్టం పిల్లల పనిగంటల్ని మాత్రమే పట్టించుకుంది. 1891 చట్టం ఆడవాళ్ల పనికి రోజుకు 11 గంటల హద్దు పెట్టింది. 1922లో పెద్దలందరికీ రోజుకు 11, వారానికి 60 గంటలు. 1934లో రోజుకు 10, వారానికి 54. 1946లో రోజుకు 9, వారానికి 48. స్వతంత్రం వచ్చాక 1948 చట్టం దాన్నే నిలబెట్టి, ఆడవాళ్ల పని ఉదయం 6 నుంచి రాత్రి 7 లోపే ఉండాలంది. ఇప్పుడు వచ్చిన పది గంటల రోజు 1934 నాటిది, తెల్లదొరల కాలపు లెక్క.

ఆదివారం సెలవు తెల్లవాళ్లు ఇచ్చిన వరం అనుకునేవాళ్లు మనలో చాలామంది. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి అడిగితే 1890లో అది దక్కింది. ఆదివారం ఖండోబా దేవుడి వారం, ఆ రోజు మాకు కావాలి అన్నది ఆయన చూపిన కారణాల్లో ఒకటి. మాలకొండకు శనివారం ఎట్లాగో, ఆ మిల్లు కూలీలకు ఖండోబా ఆదివారం అట్లాగ.

దూబగుంట ఆడవాళ్లు అడిగింది

సాయంత్రాన్ని ఇంటి నుంచి ఎత్తుకుపోయింది ఫ్యాక్టరీ ఒక్కటే కాదు. 1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో పల్లెపల్లెకూ చేర్చింది. కూలి డబ్బు చేతికందేదీ సాయంత్రమే, సారా కొట్టు తెరిచి ఉండేదీ సాయంత్రమే. పనికీ ఇంటికీ మధ్య దారిలో కొట్టు నిలబడింది. కూలి అక్కడే అయిపోయేది, ఇంటికి చేరేవి తిట్లూ దెబ్బలే.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రి బడులకు పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు లాంతరు చుట్టూ చేరారు. వాచకంలో తాగుబోతు మొగుడి ఇంటి కథ పాఠంగా వచ్చింది. కలిగిరి మండలం దూబగుంటలో ఆ పాఠం పుస్తకంలోనే ఆగిపోలేదు. వర్ధినేని రోశమ్మ ముందు నిలబడింది, ఊరి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ ఊరి సంగతే తర్వాత మరో పాఠమైంది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు ఆడవాళ్లు అడ్డుపడటంతో మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. 1997లో దాన్ని ఎత్తేశారు.

ఈ ఉద్యమాన్ని చాలామంది చాలా పేర్లతో పిలిచారు. నాకు మాత్రం అది ఇంటి కోసం జరిగిన పోరాటం. మొగుడు కూలి డబ్బుతో, ఒళ్లు తెలిసి, దీపాలవేళకు ఇల్లు చేరాలి అన్నదే దాని మూలం. గడప దాటి రోడ్డెక్కిన ఆ ఆడవాళ్లు తిరిగి గడప లోపలి బతుకునే అడిగారు. సంప్రదాయం గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దలెవరూ ఆనాడు వాళ్లంత గట్టిగా నిలబడలేదు.

ఇప్పటి సంగతి

సారా కొట్టు పోయిన ఊళ్లలోకే రొయ్యల చెరువులు వచ్చాయి. 1990ల మొదట్లో కోస్తా వెంబడి వరి మళ్లు చెరువులయ్యాయి. తెగులు తగిలి చాలామంది మునిగారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత చెరువుల మీద కఠినమైన తీర్పిచ్చింది. 2009 తర్వాత వనామీ రకం రొయ్య వచ్చి చెరువులు మళ్లీ నిండాయి. చెరువు కాపలా మనిషికి రాత్రంతా నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోతే తోడు. కరెంటు పోతే ఆక్సిజన్ తగ్గి తెల్లారేసరికి సరుకు తేలిపోతుంది, అందుకని కన్ను మూయడానికి లేదు. ఒలిచే పని ఆడవాళ్లది, కాపలా పని మగవాళ్లది. ఆమె ఇంటికొచ్చే వేళకు అతను చెరువుకు పోతాడు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పని చేసే ఉత్తరాది కూలీలకు ఆ పాటి ఇల్లు కూడా ఇక్కడ లేదు. కనిగిరి మెట్ట నుంచి హైదరాబాదు, బెంగళూరు పోయినవాళ్ల ఇళ్లల్లో ముసలివాళ్లూ తాళాలే మిగిలాయి.

రోజుకు పది గంటలు చేస్తే వారం త్వరగా నిండి ఒకరోజు ఎక్కువ సెలవు దొరుకుతుందని ఈ చట్టాన్ని సమర్థించేవాళ్లు అంటున్నారు. విన్నప్పుడు నాకూ బాగానే అనిపించింది. తర్వాత లెక్క వేశాను. మూడు నెలలంటే 13 వారాలు. 144 గంటల ఓవర్‌టైంను పంచితే వారానికి 11 గంటలు పడుతుంది. మిగిలిందన్న రోజును అదే మింగేస్తుంది. పది గంటల పనికి తిండివేళ ఒక గంట, బస్సుకు పోనూ రానూ రెండు గంటలు కలిపితే పదమూడు. పొద్దున ఏడుకు ఇల్లు వదిలిన మనిషి రాత్రి ఎనిమిదికి తిరిగొస్తుంది. ఓవర్‌టైం ఇష్టమైతేనే చెయ్యొచ్చంటారు. ఫైనాన్స్ కిస్తీ కట్టాల్సిన ఇంట్లో ఇష్టం ఎంత, అవసరం ఎంత అన్నది ఆ బస్సు దిగేవాళ్లను అడిగితే చెబుతారు. 2025 నవంబరు 21న కేంద్రం అమల్లోకి తెచ్చిన కార్మిక కోడ్‌లు కూడా ఆడవాళ్ల రాత్రి పనికి వాళ్ల ఒప్పుదలనే షరతుగా పెట్టాయి.

ఆడవాళ్లను పనికి పంపొద్దని నేననను. మా అవ్వ నాట్లేసింది, కోత కోసింది. నేననేది ఆడామగా ఇద్దరి గురించీ. షిఫ్టు ఎవరిదైనా, భార్యాభర్తలకు వారంలో ఒకే రోజు సెలవు పడాలి. ఊరి తిరునాళ్ల రోజు అడక్కుండానే సెలవివ్వాలి. బస్సులో గడిచే వేళను పనివేళలోనే లెక్కకట్టాలి. చట్టం రాసేవాళ్లు ఈ మూడింటినీ ఆలోచించినా చాలు, చాలా ఇళ్లలో పొయ్యి మీదికి సట్టి ఎక్కుతుంది.

మొన్న నెల్లూరు నుంచి వస్తూ, నా బండి ఆగిపోతే ఆ బస్సే ఎక్కాను. చీకటి పడుతోంది. ముందు సీట్లో కూర్చున్న అమ్మాయి వేళ్లు చీరకొంగుతో తుడుచుకుని ఫోన్ చేసింది. అవతల ఎత్తగానే అడిగింది: "అత్తా, దీపం పెట్టినావా? బిడ్డ తినిందా?"