అమ్మమ్మ తోడు

విజయవాడ

చిన్నా, బుజ్జీ,

తాతయ్య ఆశీస్సులు. అమ్మమ్మ అస్థికలు కృష్ణలో కలిపిన రోజు, ఘాట్ మెట్ల మీద బుజ్జి అడిగింది: "అమ్మమ్మ మళ్ళీ పుడుతుందా తాతయ్యా? పుడితే మనల్ని గుర్తుపడుతుందా?" ఆ రోజు నా గొంతు పెగల్లేదు. ఇప్పుడు రాస్తున్నాను.

పాత బట్ట విడిచి కొత్తది కట్టుకున్నట్టు ఆత్మ ఇంకో శరీరంలో చేరుతుందని గీతలో విన్నారు కదా. బుద్ధుడు కూడా మళ్ళీ పుట్టడం ఉందనే చెప్పాడు. కానీ బట్టలు మార్చుకునే ఆ ఒక్కరు, ఎప్పటికీ మారని ఆత్మ, వెతికితే ఎక్కడా దొరకదన్నాడు. ఒళ్ళూ, మనసూ, అందులోని ఊహలూ అన్నీ క్షణక్షణం మారేవే. దాన్నే అనిత్యత అంటారు. మరి మారకుండా వెళ్ళేవాళ్ళే లేకపోతే పుట్టేదెవరు?

క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో మన దేశపు వాయవ్య భాగాన్ని ఏలిన గ్రీకు రాజు మిళిందుడు నాగసేనుడనే భిక్షువును ఇలాంటి ప్రశ్నే అడిగినట్టు 'మిళింద పన్హ' అనే పాళీ గ్రంథంలో ఉంది. రాత్రంతా వెలిగిన దీపంలో తొలిజాము మంటా, చివరిజాము మంటా ఒకటేనా అని భిక్షువు ఎదురడిగాడు. కాదన్నాడు రాజు. పోనీ రెండూ వేర్వేరు దీపాలా? అదీ కాదు. ఒక మంట ఆధారంగా ఇంకో మంట, తెల్లవార్లూ. పుట్టేవాడు అతడే కాదు, మరొకడూ కాదు.

అయితే చేసిన తప్పు ఎవరికీ అంటదా అని చిన్నా అడుగుతాడు, నాకు తెలుసు. దానికీ అక్కడే జవాబుంది. ఒకడు తోటలో మామిడిపళ్ళు దొంగిలించి, "ఈయన నాటిన పండు వేరు, నేను కోసిన పండు వేరు" అన్నాడట. నూజివీడు తోటలో ఎవరైనా అలా అంటే కాపలావాడు ఊరుకుంటాడా? ఆ టెంక లేకుండా ఈ పండు లేదు.

పాలు పెరుగై, వెన్నై, నెయ్యి అవుతాయని కూడా నాగసేనుడు చెప్పాడు. అది చదివినప్పుడల్లా నాకు అమ్మమ్మే గుర్తొచ్చేది. గుంటూరు నుంచి కాపురం ఇక్కడికి మార్చినప్పుడు సామానంతా లారీ ఎక్కించి, ఆవిడ మాత్రం బస్సులో ఒళ్ళో ఒక స్టీలు గిన్నె పట్టుకుని కూర్చుంది. అందులో తోడు. వాళ్ళమ్మ ఇచ్చిందది. రోజూ పెరుగు అయిపోయేది, రోజూ కొత్త పాలు. అది ఆ పెరుగేనా? వేరేదా?

గుర్తుపట్టడం సంగతి దాచకుండా చెబుతాను బుజ్జీ. బుద్ధుడికి జ్ఞానోదయమైన రాత్రి తొలిజాములో వెనకటి జన్మలు గుర్తొచ్చాయంటారు. మామూలు మనుషులకు గుర్తుండవు. నాకూ అది కష్టంగానే ఉంది.

దసరా సెలవులకు రండి, అమరావతి తీసుకెళ్తాను. అక్కడి బౌద్ధ స్తూపం తొలినాటి శిల్పాల్లో బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. ఖాళీ సింహాసనం, పాదముద్రలు, బోధివృక్షం ఉంటాయి. చుట్టూ జనం చేతులు జోడించి ఉంటారు. ఆ రాళ్ళలో చాలా భాగం ఇప్పుడు చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి. అయినా ఆ స్తూపం దిబ్బ దగ్గర కాసేపు కూర్చుందాం.

అమ్మమ్మ పోయిన రోజుల్లో ఇంట్లో ఎవరమూ పాలు తోడుపెట్టలేదు. గిన్నె ఎండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. నిన్న పక్కింటి అమ్మాయి గ్లాసులో కాస్త పెరుగు తెచ్చింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో అమ్మమ్మ దగ్గరే తోడు తీసుకుందట. రాత్రి పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక తోడుపెట్టాను. పొద్దున చూస్తే గట్టిగా తోడుకుంది. కొంచెం పులుపెక్కువ.

మీ
తాతయ్య