జీతం నిజాంది, పటాలం కంపెనీది

వియత్నాం తన 2019 రక్షణ శ్వేతపత్రంలో నాలుగు వద్దులు రాసుకుంది: సైనిక కూటమి వద్దు, ఒకరితో చేరి మరొకరి మీదికి పోవడం వద్దు, తన గడ్డ మీద విదేశీ స్థావరం వద్దు, బలప్రయోగం వద్దు. మూడోది ఎందుకంత ముఖ్యమో హైదరాబాద్ చరిత్ర తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

1762లో గద్దెనెక్కిన నిజాం అలీ ఖాన్‌కు పడమట మరాఠాలు, దక్షిణాన హైదర్ అలీ, కోస్తాలో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ. 1766లో ఉత్తర సర్కార్లను, అంటే కోస్తా జిల్లాలను, కంపెనీకి ఇచ్చి ఏటా తనకు పేష్కష్ (కప్పం) కట్టడానికి ఒప్పించాడు. మరుసటి ఏడే హైదర్ పక్షం చేరాడు, 1768లో మళ్లీ కంపెనీతో సంధి. 1790లో టిప్పు మీద కంపెనీ, మరాఠాలతో కలిశాడు. 1792లో టిప్పు ఓడి వదులుకున్న నేలలో కడప సహా వాటా దక్కింది. దీన్ని నిలకడలేనితనం అంటే మేం ఒప్పుకోం. ముప్పై ఏళ్లు రాజ్యాన్ని నిలబెట్టింది ఆ అటూ ఇటూ మొగ్గడమే.

1795 మార్చిలో ఖర్దా దగ్గర లెక్క తప్పింది. మరాఠాలు మీద పడితే గవర్నర్ జనరల్ జాన్ షోర్ తటస్థంగా ఉండిపోయాడు. నిజాం దౌలతాబాద్ కోట వదులుకుని, మూడు కోట్ల రూపాయల పరిహారానికి తలొగ్గాడు. దివాన్ అరిస్తూ జా పుణెలో బందీ అయ్యాడు. ఆ కోపంతో నిజాం తన దగ్గరున్న ఇంగ్లిష్ పటాలాలను పంపించేసి, ఫ్రెంచి సేనాని రేమండ్ దళాన్ని 14 వేల దాకా పెంచాడు. నేటి గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోతపోయించింది ఆ రేమండే.

అసలు పొరపాటు ఇక్కడే. ఒక పరాయి పటాలాన్ని పంపి ఇంకో పరాయి అధికారుల చేతిలో సైన్యాన్ని పెట్టాడు, పైగా జీతాలు బకాయి. 1798 మార్చిలో రేమండ్ పోయాడు. సెప్టెంబర్ 1న కొత్త గవర్నర్ జనరల్ వెల్లెస్లీతో సంధి: ఆరు వేల కంపెనీ సిపాయిల ఖర్చు కింద నిజాం ఏటా 24,17,100 రూపాయలు కట్టాలి, ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి. అక్టోబర్ 22న కంపెనీ పటాలాలు ఫ్రెంచి శిబిరాన్ని చుట్టుముట్టేసరికి, బకాయిల కోసం సిపాయిలే తమ కమాండర్ పిరోన్‌ను నిర్బంధించి ఉన్నారు. నెత్తురు చిందకుండానే ఆయుధాలు దించేశారు.

నగదు బాకీ నేల మీదికి రావడానికి రెండేళ్లే పట్టింది. 1800 అక్టోబర్ సంధిలో పటాలం ఖర్చు కింద మైసూరు యుద్ధాల్లో వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు కంపెనీకి పోయాయి. అవే దత్త మండలాలు. కంపెనీకి తెలియకుండా వేరే రాజ్యంతో సంప్రదింపులు జరపకూడదన్న షరతూ అందులోనే ఉంది. 1806లో హుస్సేన్‌సాగర్ ఆవల కంపెనీ దండు ఉన్నచోటికి కొత్త నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అదే సికింద్రాబాద్.