పోస్టర్ మీద ఏ భాష పైన? వేల్స్ పల్లె కళల వెనకున్న పేచీ

బ్రిటన్‌లో ఒక భాగమైన వేల్స్‌లో ఏ పల్లెలోనైనా ఊరి చరిత్ర మీద నాటకం వేసినా, గోడ మీద బొమ్మ గీసినా, పాత పాటల సాయంత్రం పెట్టినా పోస్టర్ సాధారణంగా రెండు భాషల్లో ఉంటుంది. చాలా చోట్ల అక్కడి సొంత భాష వెల్ష్ పైన, ఇంగ్లీషు కింద. కొత్తగా చూసేవాళ్లకి ఇదేదో ఆఫీసు తంతులా అనిపిస్తుంది, కొంత తంతు ఉంది కూడా, డబ్బిచ్చే సంస్థలు రెండు భాషలూ ఉండాలంటాయి మరి. కానీ ఏది పైన, ఏది కింద అన్న దాని వెనక నూట డెబ్బై ఏళ్లకు పైబడిన పేచీ ఉంది.

1847 దగ్గర మొదలుపెడదాం. వేల్స్ బడులు ఎలా ఉన్నాయో చూసి రమ్మని లండన్ ప్రభుత్వం ముగ్గురు ఇంగ్లీషు లాయర్లను పంపింది. ముగ్గురిలో ఒక్కరికీ వెల్ష్ రాదు. వెల్ష్ తప్ప ఇంకేమీ రాని పిల్లల్ని ఇంగ్లీషులో ప్రశ్నలడిగి, జవాబు రాకపోతే తెలివి లేదని రాసుకున్నారు, అక్కడితో ఆగకుండా జనం నీతి తప్పడానికి కూడా ఆ భాషే ఓ కారణమన్నారు. నీలం అట్టలతో అచ్చయిన ఆ నివేదికల్ని వెల్ష్ వాళ్లు ఇప్పటికీ 'నీలి పుస్తకాల ద్రోహం' అంటారు. ఆ పేరు స్థిరపడింది కూడా 1854లో వచ్చిన ఒక నాటకం వల్లే. ప్రభుత్వం రాసినదానికి జనం నాటకంతో బదులు చెప్పడం అప్పటికే ఉందన్నమాట.

ఆ శతాబ్దంలోనే కొన్ని బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లాడి మెడలో ఓ చెక్కముక్క వేలాడదీసేవారు. ఇంకొకడు వెల్ష్‌లో నోరు జారితే చెక్క వాడి మెడకు మారేది, సాయంత్రానికి ఎవరి దగ్గరుంటే వాడికి దెబ్బలు. దీనికి చట్టమేమీ లేదు. పిల్లలకు ఇంగ్లీషు వస్తే బాగుపడతారని తల్లిదండ్రులు కూడా చాలాచోట్ల ఊరుకున్నారు, నన్నడిగితే ఈ కథలో అన్నిటికంటే చేదు ముక్క అదే.

1891 జనాభా లెక్కల్లో సగానికి పైగా జనం వెల్ష్ మాట్లాడేవారు. 2021 నాటికి అది 17.8 శాతం, అంటే దాదాపు 5 లక్షల 38 వేల మంది. అయితే 2011 లెక్కల్లో వ్యవసాయం, అడవులు, చేపల వేట మీద బతికేవాళ్లను విడిగా చూస్తే 43 శాతం మందికి వెల్ష్ వచ్చు. అక్కడ పల్లె సంగతి తీస్తే భాష సంగతి దానంతటదే వచ్చేది ఇందుకే.

పల్లెలకు తగిలిన పెద్ద దెబ్బలు రెండు. 1940లో ఎపింట్ కొండ మీద 54 ఇళ్లు ఖాళీ చేయించి సైన్యం ఆ భూమిని శిక్షణకు తీసుకుంది. రెండు వందల మందికి పైగా వెల్ష్ రైతులు, వాళ్ల పిల్లాపాపలు, అందరూ వెళ్లిపోయారు. తర్వాత సైన్యం అక్కడ యుద్ధ సాధన కోసం సిలియెని అని ఒక ఉత్తుత్తి ఊరు కట్టింది, ఇళ్లుంటాయి, మనుషులుండరు. 2010లో నేషనల్ థియేటర్ వేల్స్ ఆ ఉత్తుత్తి ఊళ్లోనే ప్రాచీన గ్రీకు యుద్ధ విషాద నాటకం ఒకటి వేసింది. ఆలోచన గొప్పదే, కానీ వేసింది ఇంగ్లీషులో. వెల్ష్ వాళ్లను లేపేసిన నేల మీద అది కొంచెం గుచ్చుకునే విషయమే.

రెండోది ట్రవెరిన్ లోయ. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం ఈ లోయలో ఆనకట్ట కట్టడానికి 1957లో పార్లమెంటు చట్టం చేస్తే వేల్స్ ఎంపీల్లో ఒక్కరు కూడా దానికి ఓటేయలేదు, అయినా చట్టం పాసైంది. 1965కల్లా కాపెల్ కెలిన్ ఊరు నీళ్లలో మునిగింది, బడి, ప్రార్థనా మందిరం, పోస్టాఫీసు అన్నీ. అబెరిస్ట్‌విత్ పట్టణానికి దక్షిణంగా రోడ్డు పక్క పాడుబడ్డ రాతి ఇంటి గోడ మీద 'ట్రవెరిన్‌ను గుర్తుంచుకోండి' అని ఎవరో పెయింట్ చేశారు. వెల్ష్‌లో రెండే మాటలు. 2019లో ఆకతాయిలు దాని మీద వేరే పేరు రాస్తే కుర్రాళ్లు రాత్రికి రాత్రి వచ్చి మళ్లీ వేశారు, రెండు నెలలకు గోడలో కొంత పడగొడితే అదీ కట్టేశారు, ఆ ఏడాది అవే రెండు మాటలు వేల్స్ అంతటా గోడలకెక్కాయి. పక్కన ఇంగ్లీషు అనువాదం లేదు, ఎవరికీ అవసరం పడలేదు.

అందుకే 'రెండు భాషల్లో' అనగానే అక్కడి పెద్దవాళ్లలో కొందరు మొహం ముడుస్తారు. వాళ్ల అనుభవం అలాంటిది. కవిత్వం, పాటల పోటీల పెద్ద జాతర ఐస్టెద్‌వోడ్‌లో ఇంగ్లీషు అంతకంతకూ జాగా ఆక్రమిస్తుంటే చివరికి వేదిక మీద వెల్ష్ ఒక్కటే అన్న నియమం తెచ్చుకున్నారు, 1950 నుంచి అదే అమలవుతోంది. 1967లో బాలా దగ్గర పార్క్ అనే చిన్న ఊళ్లో ఆడవాళ్లు తమ మహిళా సంఘం పనులు వెల్ష్‌లో జరగాలన్నారు, పైవాళ్లు కుదరదంటే విడిపోయి 'మెర్ఖెద్ ఎ వౌర్' అని సొంత సంఘం పెట్టుకున్నారు. 1972లో అయ్‌రాన్ లోయలో వెలిన్‌వాఖ్ థియేటర్ వచ్చింది, అక్కడ క్రిస్మస్ నాటకంలో ఊరి జనమే వేషాలు వేస్తారు, భాష వెల్షే.

మరి ఇప్పుడు రెండు భాషలు ఎందుకంటే, పల్లె మారింది. కుర్రాళ్లు పని కోసం రాజధాని కార్డిఫ్‌కో ఇంగ్లండ్‌కో పోతున్నారు, రిటైరైన ఇంగ్లీషు వాళ్లు వచ్చి ఇళ్లు కొంటున్నారు. వెల్ష్ ఒక్కటే అంటే ఊళ్లో సగం మంది గడప దాటరు. రెండూ అంటే ఇంకో తంటా, గదిలో పదిమందికి వెల్ష్ వచ్చి ఒక్కరికి రాకపోయినా పది నిమిషాల్లో మాట ఇంగ్లీషులోకి తిరిగిపోతుంది. చెవిలో పెట్టుకుని అనువాదం వినే హెడ్‌ఫోన్లు ఇస్తే కొంత నయం, ఎందుకంటే అప్పుడు సర్దుకోవాల్సింది భాష రాని మనిషి, పది మందీ కాదు.

రెండు భాషల్నీ కలిపే వాటిలో నాకు నచ్చిన పద్ధతి పొలాల పేర్లతో మొదలుపెట్టేది. 1836 చట్టం తర్వాత చర్చి పన్ను లెక్కల కోసం వేల్స్ దాదాపు అంతా మ్యాపులు గీశారు, చాలా ఊళ్లలో ఒక్కో చేను పేరు కూడా రాశారు. నేషనల్ లైబ్రరీ ఆ మ్యాపులు వెయ్యికి పైగా ఇంటర్నెట్‌లో పెట్టింది, పేర్లను వలంటీర్లు ఎక్కించారు. ఆ పనికి పెట్టిన పేరు కనెవిన్, కొండ మీద గొర్రెలు కంచె లేకుండానే తమదని ఎరిగి తిరిగే మేర అని అర్థం. ఆ పేర్లు బావి చేను, కొట్టం చేను లాంటివే. కొత్తగా వచ్చిన ఇంగ్లీషు రైతు తన చేను పేరుకి అర్థమేంటని పక్కింటి ముసలాయన్ని అడగాల్సిందే. ఆయన ముందు వెల్ష్‌లో అంటాడు, తర్వాత ఇంగ్లీషులో విడమరుస్తాడు.